శాంపిల్ ప్రకారం ఆరు హోల్డర్లు

బొగ్గు కంపెనీ వర్క్‌షాప్‌లో ముప్పై నాలుగేళ్లు మిల్లింగ్ మిషన్ మీద పనిచేసిన దశరథానికి ఒక్క పని మాత్రం రాదు. బజారుకు పోయి ఒక పనిముట్టు ఎంచుకోవడం. ఈ సంగతి ఆయనకు తెలియదు. ఆయన భార్య దేవవ్వకు తెలుసు గాని, ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు.

కంపెనీలో కొనడమనే మాటే లేదు. ఇండెంటు ఉంది. కావలసిన వస్తువు పేరు కాగితం మీద రాసి, ఫోర్‌మన్‌తో సంతకం పెట్టించుకుని, స్టోరు కిటికీ దగ్గర నిలబడాలి. లోపలున్న స్టోర్‌కీపర్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "లేదు పో" అంటాడు. అక్కడ మొదలవుతుంది గొడవ. నువ్వెంతంటే నువ్వెంత అనుకుని, యూనియన్ పేరు ఒకసారి, మేనేజర్ పేరు ఒకసారి తలచుకుని, చివరికి స్టోర్‌కీపర్ లోపలికి పోయి అరగంట నానబెట్టి వస్తువు తెచ్చి కిటికీలోంచి తోస్తాడు. దశరథం ముప్పై నాలుగేళ్లు రాసిన ఇండెంట్లన్నిటిలో ఒకటే వాక్యం: 'ఆర్బర్ ఒకటి, పాత శాంపిల్ ప్రకారం'.

ఆర్బరంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఇనుమును కోసే కట్టర్‌ను మోసే ఇనుప కడ్డీ. దాని తోక ఏటవాలుగా సన్నబడుతూ పోయి మిషన్ నోట్లో ఇరుక్కుని కూర్చుంటుంది. ఆ వాలునే టేపర్ అంటారు. తోక వాలు, నోటి వాలు ఒకటైతే ఆర్బర్ కదలమన్నా కదలదు. తేడా వస్తే పైకి కూర్చున్నట్టే ఉండి లోపల ఊగుతుంది. కొందరు అల్లుళ్లు అత్తారింట్లో ఉన్నట్టు.

గొడవపడ్డ ప్రతిసారీ గెలిచాడు కాబట్టి, పనిముట్లు ఎంచడంలో తనంతటివాడు బొగ్గుబాయిల మీద లేడని దశరథానికి గట్టి నమ్మకం కుదిరింది. రిటైరైన రోజు తోటివాళ్లు శాలువా కప్పి ఇచ్చిన జ్ఞాపికతో అది ఇంకా బలపడింది. జ్ఞాపిక నిజమైన ఆర్బరే. ఎప్పుడో మూలపడేసిన విదేశీ మిషన్‌ది. తుప్పు గీకి, అద్దంలా పాలిష్ పట్టి, నిర్మల్ నుంచి తెప్పించిన చెక్క పీట మీద నిలబెట్టారు. పీట మీద బంగారు రంగులో రెండు నెమళ్లు. కొత్త చుట్టాలు దాన్ని ఊదుబత్తీల స్టాండనుకుని, గుచ్చే రంధ్రం ఎక్కడా అని వెతికేవారు.

కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి సొంతూరు సిరిసిల్ల చేరాక, దశరథం వీధివైపు గదిలో చిన్న మిల్లింగ్ మిషన్ ఒకటి దించాడు. కంపెనీ మిషన్ ఏనుగైతే ఇది మేకపిల్ల. దాంతోపాటు పిడికెడంత హోల్డర్ ఒకటి వచ్చింది, చిన్న కట్టర్లను బిగించుకోవడానికి. దశరథం దాన్ని అరచేతిలో ఎగరేసి చూశాడు. బరువు లేదు. బరువు లేని ఇనుము మీద ఆయనకు గౌరవం లేదు. దేవవ్వ దాన్ని కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది.

రెండిళ్ల అవతల శంకరవ్వకు నాలుగు సాంచలున్నాయి. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచ అంటారు. భర్తకు చూపు తగ్గినప్పటి నుంచి ఆమే నడుపుకుంటోంది. ఒకనాడు పొద్దున్నే రెండు బోడి చక్రాలు గోనెసంచిలో వేసుకుని దశరథం గడపలో దించింది. పోత పోయించినవి, పళ్లు కోయాల్సి ఉంది.

"అన్నా, రెండు సాంచలు కూసున్నయ్" అంది. "గుడ్డ చుట్టే చక్రాల పండ్లు అరిగినయ్. గీ మోడల్‌వి ఇప్పుడు ఎక్కడ దొరుకుతలేవు. సేటు ఇస్కూల్ డ్రెస్సుల గుడ్డకు బీములిచ్చిండు. పదిహేను రోజులల్ల గుడ్డ ఇయ్యకుంటె బీములు వాపస్ తీస్కపోతనంటుండు."

నూలు చుట్టిన బీము సాంచ మీద ఉంటేనే నేసేవాళ్లకు పని. బీము పోతే సాంచ ఇనుప సామాను. ఆ సంగతి నేతవాళ్లింట్లో పుట్టిన దశరథానికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"వారం" అన్నాడు. "ఎనిమిదో నాడు నీ సాంచలు నడ్వకుంటె నా పేరు దశరథమే కాదు."

"పేరు మార్చుకుంటె నాకేమొస్తది అన్నా, చక్రాలు గావాలె" అని శంకరవ్వ నవ్వి పోయింది.

పళ్లు కోయాలంటే కట్టర్ కావాలి, కట్టర్‌ను పట్టుకునేందుకు ఆర్బర్ కావాలి. ఆ సాయంత్రమే దశరథం బల్ల ముందు కూర్చుని, కార్బన్ కాగితాలు పెట్టి, మూడు ప్రతుల్లో ఇండెంటు రాశాడు. పొడుగు ఆర్బర్లు మూడు. కట్టర్ హోల్డర్లు రెండు. డ్రిల్లు చక్ తగిలించేది ఒకటి. మొత్తం ఆరు. 'అవసరం' అన్నచోట 'అత్యవసరం' అని రాశాడు. 'వివరాలు' అన్నచోట ముప్పై నాలుగేళ్ల చెయ్యి దానంతటదే 'శాంపిల్ ప్రకారం' అని రాసింది. మంజూరు చేసే అధికారి సంతకానికి కాగితం దేవవ్వ ముందుకు తోశాడు.

దేవవ్వ బియ్యం చాట పక్కన పెట్టి చూసింది. "శంకరవ్వకు చక్రాలు రెండే గద. ఆరెందుకు?"

"స్టాకుండాలె. లేకుంటె మళ్ల ఇండెంటు పెట్టుడు, మళ్ల తిరుగుడు."

"ఎవలకు పెడ్తవ్? నాకే గద" అంటూ ఆమె మూడు ప్రతుల మీదా వంకరటింకరగా పేరు రాసింది. ఒక ప్రతి ఆమెకు, ఒకటి ఆయనకు, మూడోది గోడ మేకుకు.

మరునాడు నెమళ్ల పీటతో సహా జ్ఞాపికను ఒళ్లో పెట్టుకుని దశరథం కరీంనగర్ బస్సెక్కాడు. పనిముట్ల దుకాణం నడిపే భానుప్రసాద్ వయసులో చిన్నవాడు, మాటలో మెత్తనివాడు. ఇండెంటు చదివి, నెమళ్లను చూసి, ఆర్బర్ తోకను వేలితో తడిమాడు.

"కాకా, మీ మిషన్ టేపర్ ఏ నంబర్?"

ఆ ప్రశ్న దశరథానికి చెంపమీద కొట్టినట్టయింది. "ముప్పై నాలుగేండ్ల సర్వీసు నాది. నన్ను టేపర్ అడుగుతున్నవా? శాంపిల్ ఎదురుంగనె ఉన్నది, కండ్లు లేవా?"

"శాంపిల్ మంచిగనే ఉన్నది కాకా. మీ మిషన్ నోరు గూడ గిట్లనే ఉన్నదా అని. మిషన్‌తోని చిన్న హోల్డర్ ఏమన్న ఇచ్చిండ్రా? గది తెస్తె ఫికరే లేదు, దాన్ని చూసి ఇస్త."

"దాన్ని కిటికీ రెక్కకు అడ్డం పెట్టినం."

భానుప్రసాద్ ఇండెంటు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గిరాకీ దేవుడితో సమానం అంటారు. దేవుడే కొలత చెప్పాక పూజారి నోరు మూసుకోవాలి. తెలిసిన లేత్ షెడ్డుకు శాంపిల్ పంపించి, ఆరో రోజుకు ఆరు హోల్డర్లు చేయించి, ఎర్ర మఖ్మల్ పరిచిన పెట్టెలో పెట్టి ఇచ్చాడు. పని నికార్సయినది. శాంపిల్ తోకకు, వాటి తోకలకు వెంట్రుకంత తేడా లేదు. వచ్చిన చిక్కంతా అదే.

కంపెనీలో కొత్త పనిముట్టు ఏదొచ్చినా పసుపు కుంకుమ పెట్టకుండా మిషన్‌కు ఎక్కించరు. క్వార్టర్లలో బతికిన దేవవ్వకు ఆ ఆచారం ఒంటబట్టింది. అన్నిటికన్నా పొడుగు ఆర్బర్‌కు తలనుంచి తోకదాకా తడి పసుపు పూసి, ఆరబెట్టి, బొట్లు పెట్టింది. తోకను శుభ్రంగా తుడిచి ఎక్కించాలని దశరథానికి తెలుసు. కాని దేవవ్వ కొబ్బరికాయ చేతబట్టుకుని ఎదురుగా నిలబడింది. వాకిట్లో అప్పటికే పది మంది పోగయ్యారు. బొట్టు తుడిచి పని మొదలుపెట్టడం ఏ మగవాడి తరమూ కాదు. పైపైన గుడ్డతో ఒకసారి అద్ది, ఎక్కించి, బిగించాడు.

మిషన్ తిరిగింది. కట్టర్ చక్రాన్ని తాకగానే దశరథం చేతికి ఒక వణుకు తెలిసింది. ముప్పై నాలుగేళ్ల చెయ్యి అబద్ధం చెప్పదు. ఆపి చూడు, ఎక్కడో ఊగుతున్నది అంది. కాని నోరు అప్పటికే జనానికి మిల్లింగ్ గొప్పతనం గురించి చెబుతోంది. చెయ్యి మాట నోరు వినిపించుకోలేదు. మధ్యాహ్నానికి చక్రం తయారైంది. పళ్లయితే ఉన్నాయి. ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి పక్కకు ఒరిగి.

"గట్లనే ఉంటది" అన్నాడు దశరథం, శంకరవ్వ చక్రాన్ని వేళ్లతో తడుముతుంటే. "నడుస్తనడుస్త సదురుకుంటది."

శంకరవ్వ నమ్మింది. కంపెనీలో చేసిన మనిషి చెబితే నమ్మక ఏం చేస్తుంది? సాంచలు బాగుచేసే జాబర్‌ను పిలిచి చక్రం బిగించి ఒకరోజు నేసింది. గుడ్డ మీద అడ్డంగా పట్టీలు పడ్డాయి, ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా. ఆ ముక్క పట్టుకుని ఆమె పరుగున వచ్చింది.

దశరథం గుడ్డను వెలుతురుకు పట్టి చూశాడు. "డిజైననుకోరాదు" అన్నాడు.

"ఇస్కూల్ డ్రెస్సుకు డిజైనేందన్నా?"

"అంటె... కొత్త చక్రం గద. ఇంకో రోజు నడ్వని."

ఆమె ఇంకో రోజు నేసింది. పట్టీలు పోలేదు. ఆ పూటే సేటు మనిషి చూసిపోవడానికి వచ్చి, ఆ గుడ్డను కూడా చూసి, ఫోన్‌లో ఫొటో తీసుకుని పోయాడు.

దశరథం ఇంట్లో విచారణ మొదలుపెట్టాడు. కంపెనీలో ఏది చెడినా విచారణ జరిగేది, అందులో పనిచేసినవాడి తప్పు ఎన్నడూ తేలేది కాదు. మొదట మిషన్‌ను తిట్టాడు. తరవాత కరెంటును. తరవాత పోత పోసినవాణ్ని. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఒక్కొక్కరినీ వరసగా నిలబెట్టి, చివరికి దేవవ్వ దగ్గర ఆగాడు.

"నీ పసుపుతోనే వచ్చింది ఇదంత. టేపర్‌కు పసుపు పూస్తరా ఎవలన్న? నడుమ పసుపుండి ఇనుముకు ఇనుము పట్టలే."

దేవవ్వకు కోపం వచ్చింది. పసుపునంటే ఎవరికి రాదు? గబగబా పోయి, ఆయన విప్పి బల్ల మీద పెట్టిన ఆర్బర్‌ను వాకిట్లో వెలుతురులోకి తెచ్చి తిప్పి చూసింది. ఆమె హుస్నాబాద్ దగ్గరి కాపోళ్ల బిడ్డ. ఇనుప పనిముట్లంటే పారలు, గొడ్డళ్లే ఆమెకు తెలిసినవి.

"ఇగో, ఇట్ల రా" అంది. "నా పసుపుదే తప్పయితె అంతట ఒక్కతీరుగ రాసుకపోవాలె గద. కొసకు, గీ తోక దగ్గర బెత్తెడంత పోయింది. ఇక్కడ మొదట్ల చూడు, పూసింది పూసినట్టే ఉన్నది. నోట్లె పట్టనే లే ఇది. గొడ్డలికామ కొసకు పట్టి మొదట్ల వదులున్నట్టున్నది."

దశరథం ఆర్బర్ అందుకుని చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

దేవవ్వ కిటికీలోంచి చిన్న హోల్డర్ తీసింది. రెక్క టపామని కొట్టుకుంది. హోల్డర్ తోకకు కూడా పసుపు రాసి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని మిషన్ నోట్లో పెట్టి, తిప్పి, తీశాడు. మొదలునుంచి కొసదాకా పసుపు ఒక్కతీరుగా రాసుకుపోయింది. నోరు దీనిదే. మఖ్మల్ పెట్టెలో ఉన్న ఆరూ ఇంకెక్కడిదో, ఎన్నడో చచ్చిపోయిన మిషన్ నోటికి చేయించుకొచ్చినవి.

ఆయనకు సిగ్గేసింది. చిన్న సిగ్గు కాదు.

తెల్లారి కరీంనగర్ బస్సులో ఆయనకు స్టోర్‌కీపర్ గుర్తొచ్చాడు. ఆ అరగంట గుర్తొచ్చింది. తనను కావాలని నిలబెట్టి లోపల చాయ తాగుతున్నాడని యూనియన్‌లో ఫిర్యాదు కూడా చేశాడు. కాని కిటికీలోంచి ఆర్బర్ తోసేటప్పుడు ఆ మనిషి వేళ్లకు ఎప్పుడూ నీలం రంగు అంటుకుని ఉండేది. ఇంకు అనుకునేవాడు దశరథం. ఇప్పుడు అర్థమైంది. తోకకు నీలం పూసి, నమూనా గుంతలో తిప్పి, పట్టు చూసి, సరైనది దొరికేదాకా ఒక్కొక్కటే వెతికి ఇచ్చేవాడు. 'శాంపిల్ ప్రకారం' అన్న రెండు మాటలను ముప్పై నాలుగేళ్లు ఇంకొకరు కొలిచి నిజం చేశారు. తను గెలిచింది గొడవలే.

భానుప్రసాద్ ఈసారి ఏ ప్రశ్నా అడగలేదు. పాత అనుభవం ఉంది. దశరథమే కౌంటర్ మీద చిన్న హోల్డర్‌ను పెట్టాడు. నెమళ్లను వెంట తేలేదు.

"నాకు తెల్వది బిడ్డా" అన్నాడు. "ఏది పడ్తదో నువ్వే చూడు."

ఆ కుర్రాడు ఎగతాళి చేస్తాడేమోనని ఒళ్లంతా చెవులు చేసుకుని నిలబడ్డాడు. భానుప్రసాద్ అలాంటిదేమీ చేయలేదు. హోల్డర్ తోకను కొలిచి, అరలోంచి ఒక పొట్టి ఆర్బర్ తీశాడు. జానెడు కూడా లేదు.

"గింత పొట్టిదా?" పాత దశరథం ఒక్కసారి తల ఎత్తాడు.

"మిషన్ చిన్నది కాకా. పొడుగు కడ్డీ పెడితె టేపర్ సరిగున్నా కొస ఊగుతది. కట్టర్ మిషన్ నోటికి ఎంత దగ్గరుంటె అంత గట్టి. మీ కట్టర్ రంధ్రానికి గిది సరిపోతది, వెనక బిగించే బోల్టు మర గూడ గిదే. పట్టు జర చూద్దాం." అతను తోకకు నీలం పూసి నమూనా గుంతలో తిప్పి చూపించాడు. రంగు అంతటా రాసుకుంది.

"ఇంకేం గావాలె?"

"ఇంకేం వద్దు. చిన్న కట్టర్లకు గీ హోల్డర్ మీ తాననే ఉన్నది. కిటికీకి వేరేది పెట్టుండ్రి."

ఆ సాయంత్రం జనం లేరు, కొబ్బరికాయ లేదు. తోకను, నోటిని పొడి గుడ్డతో తుడిచి, ఆర్బర్ ఎక్కించి, ఊగుతుందేమోనని డయల్ పెట్టి చూసి, దశరథం రెండో చక్రం కోశాడు. చెయ్యి చెప్పిందల్లా విన్నాడు. యాభై నాలుగు పళ్లూ ఒక తల్లి పిల్లల్లా వచ్చాయి. మంచి చక్రం. నిజంగానే మంచి పనివాడు ఆయన, ఆ మాట కాదనలేం.

పొద్దున్నే చక్రం పట్టుకుని శంకరవ్వ షెడ్డుకు పోయాడు. అక్కడ జాబర్‌తో పాటు పక్క షెడ్ల వాళ్లు నలుగురు నిలబడి ఉన్నారు. పాడు చక్రం బిగించిన సాంచ వెనక బీము లేదు. నిన్న తను కరీంనగర్‌లో ఉన్న పూట సేటు టెంపో వచ్చి ఎత్తుకుపోయిందట. పట్టీల గుడ్డ ఫొటో చూసి, రెండో సాంచ బీము మాత్రం గడువుదాకా ఉంచుతానన్నాడట.

జాబర్ ఆ రెండో సాంచకు చక్రం బిగించాడు. సాంచ కదిలింది. గజం గుడ్డ వచ్చింది. శంకరవ్వ గుడ్డ మీద అరచెయ్యి ఆనించి జరిపి చూసింది. పట్టీ లేదు, నునుపుగా ఉంది.

"మస్తుగొచ్చింది పో" అన్నాడు జాబర్. "మరి మొదటిదెందుకు గట్లయింది?"

దశరథం నోరు తెరిచేలోగా శంకరవ్వే అందుకుంది. "పోతల బుడగలున్నయట. అన్నదేం తప్పు లేదు."

ఆమె ఎందుకలా అందో దశరథానికి తెలుసు. పెద్దమనిషి నలుగురిలో పలచన కావద్దని. నలుగురూ తలలూపారు. ఆయన తల కూడా ఊగబోయింది. విచారణ ముగిసింది, పనిచేసినవాడి తప్పు లేదు. ఇంటికి పోయి చాయ తాగొచ్చు. కళ్లు మాత్రం బీము లేని సాంచ మీద నుంచి కదలలేదు.

"పోత మంచిగనే ఉండె" అన్నాడు. సాంచల మోతలో వినపడలేదేమోనని మళ్లీ గట్టిగా అన్నాడు. "పోత మంచిగనే ఉండె శంకరవ్వా. ఆర్బర్ తప్పుది తెచ్చిన. మిషన్ నోరు కొలవలే. చక్రం కోస్తున్నప్పుడే ఊగుతున్నదని నా చేతికి ఎరుకయింది. పది మంది చూస్తుండ్రని ఆపలే."

జాబర్ చేతిలోని పానా వైపు చూసుకున్నాడు. మిగతావాళ్లు తమ సాంచలు గుర్తొచ్చినట్టు ఒక్కొక్కరే జారుకున్నారు.

శంకరవ్వ గుడ్డ మీది నుంచి చెయ్యి తీసింది. తరవాత మెల్లగా అంది, "గా మాట డిజైనన్ననాడు చెప్పుంటె, రెండో రోజు గా గుడ్డ నేయకనే పోతుంటి అన్నా. నా బీము నా తాన్నే ఉంటుండె."

కోపంగా అనలేదు. నడుస్తున్న సాంచలో పోగు తెగితే ముడి వేయడానికి అటు తిరిగింది. దశరథం ఆమె ముడి వేసేదాకా, వేసి మళ్లీ సాంచ కదిలించేదాకా అక్కడే నిలబడ్డాడు.